ఊ కొట్టేవాడు

హాలియా,
6 నవంబర్ 1989

తమ్ముడు చోటే మియాకు,

దేవరకొండలో ఒకే పటేలు బర్లను నీతో కలిసి కాసిన యోహాను, ఇప్పుడు ప్రభువు మందను కాస్తున్నవాడు, రాస్తున్నాడు. మన్ననూరులో చలి పడుతూ ఉంటుంది. నీ మోకాలు ఎట్లుంది?

నాకొక జాగా కావాలి. ఎండాకాలం మూడు నెలలు మీ నల్లమల కొండల మీద ఉండాలనుకుంటున్నాను. నువ్వు ఇరవై ఏండ్లుగా ఫారెస్టు వాచరువు. ఏ వాగు ఎండదో, ఏ గుడిసెలో పాము దూరదో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

నా షరతులు విను. కరెంటు ఉండకూడదు. తీగ కంటికి కూడా కనబడకూడదు. రేడియో వద్దు. రేకుల కప్పు వద్దు. అక్కడి గడ్డితో, అక్కడి వెదురుతో కట్టినదై, పడిపోతే అక్కడి మట్టిలోనే కలిసేదై ఉండాలి. నీళ్లు దగ్గర, మనుషులు దూరం. ఆఖరి షరతు అన్నిటికన్నా పెద్దది: పక్కన ఒక బదరీ వృక్షం ఉండాలి.

నవ్వకు. మీరు ఇలియాస్ అనే ప్రవక్తనే మేము ఏలీయా అంటాం. నాలుగు వందల యాభై మంది అబద్ధ ప్రవక్తలను ఒక్కడే ఎదిరించి గెలిచినవాడు, ఆ వెంటనే ఎడారిలోకి పారిపోయి బదరీ వృక్షం కింద కూలబడ్డాడు. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. ఆ చెట్టు మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్క లేదు. వంద గొర్రెలకు నీడనిచ్చే చెట్టు, ఆకాశాన్ని కొమ్మల మీద మోసే చెట్టు అని చెప్తుంటే ఆడవాళ్లు కొంగుతో కండ్లు తుడుచుకుంటారు. ఇప్పుడు ఆ నీడ నాకే కావలసి వచ్చింది.

సాగర్ కాలువ వచ్చినప్పటి నుంచి ఈ ఊరు నోరు మూయలేదు. ఒక పక్క రైసు మిల్లు, ఒక పక్క మోటార్లు, గుడి మైకు, మసీదు మైకు, టాకీసు మైకు. బాబెలు గోపురం కట్టినవాళ్లు కూడా ఇంతకన్నా మెల్లగా మాట్లాడుకొని ఉంటారు. వీటన్నిటి మీదా వినబడాలని మా ప్రార్థన మందిరం మీద నేను కట్టించిన బూర వీటన్నిటికన్నా పెద్దది. అదీ ఒప్పుకుంటున్నాను.

అలసిపోయాను తమ్ముడా. ఎందుకని అడగకు. మూడు నెలలు ప్రార్థనలో ఉంటాను, అంతే అనుకో.

నీ
యోహాను


మన్ననూర్,
28 నవంబర్ 1989

యోహానన్నకు సలాం.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే జన్నత్ బీ ఏమన్నదో విను. "మీ దోస్తు జాగ అడుగుతున్నడా, పిల్లనడుగుతున్నడా? గిన్ని షరతులేంది?" నా మోకాలు బాగానే ఉంది. కొండ ఎక్కేటప్పుడు నొప్పి, దిగేటప్పుడు నొప్పి, మధ్యలో ఏమీ లేదు.

నాకు తెలిసి మూడు జాగాలున్నాయి.

మొదటిది ఫారెస్టు బంగళా. గట్టి గోడలు, మంచం, కందిలి దీపం. నీళ్లు నేనే తోడి పోస్తాను. ఒకటే తంటా, అధికారులు వచ్చినప్పుడు జనరేటరు పెడతారు, కోళ్లు కోస్తారు. నెలకు రెండు మూడు సార్లు, అంతే.

రెండోది గుట్ట కొనన నిజాం కాలంలో షికారుకు కట్టిన రాతి ఇల్లు. సగం కప్పు ఉంది. గాలి బాగా వస్తుంది, ఆ సగం లేదు కాబట్టి. నీళ్ల కోసం కోసెడు దూరం దిగాలి. ఇప్పపూలు రాలే కాలంలో ఎలుగుబంట్లు వస్తాయి.

మూడోది దుర్గయ్య పెంట. ఐదు చెంచు గుడిసెలు. దుర్గయ్య తమ్ముడు శ్రీశైలం వైపు వెళ్లిపోయాక అతని గుడిసె ఖాళీగా ఉంది. నువ్వు అడిగినట్టే గడ్డి, వెదురు, మట్టి. పక్కనే ఎండని వాగు. అయితే అక్కడ వాళ్ల కట్టుబాట్లున్నాయి. వాగులో సబ్బు కలపకూడదు. పచ్చి కొమ్మ విరవకూడదు, రాలిన కట్టెలే ఏరుకోవాలి. దీపానికి ఇప్పగింజల నూనె, అదీ ఒక్క వత్తి. బయటి నుంచి తెచ్చిన సంచీ, డబ్బా, కాగితం ఏదైనా పోయేటప్పుడు వెంట తీసుకుపోవాలి. ఇవన్నీ నువ్వు చేయగలవు. కానీ అది నీకు సరిపడదు. నా మాట విని బంగళా తీసుకో.

నువ్వన్న బదరీ వృక్షం ఈ అడవిలో లేదు. వంద గొర్రెల నీడే కావాలంటే ఇప్పచెట్టు చూపిస్తాను.

ఒక్కడివే వస్తావా? బ్యాటరీ మైకు కూడా వస్తుందా? ఈ సంగతి మాత్రం ముందే రాయి.

చోటే మియా


హాలియా,
20 డిసెంబర్ 1989

చోటే మియాకు,

సరిపడదన్నావు చూడు, అదే నాకు కావాలి. అధికారులు కోడి వేపుకునే చోట నేను ఉపవాసముంటే ఆ వాసనకే వాక్యం మరిచిపోతాను. ఎలుగుబంటి గడ్డం పట్టుకోవడానికి నేను దావీదును కాను, నడుము పట్టేసిన ముసలివాణ్ణి. దుర్గయ్య గుడిసె ఖాయం చెయ్యి. మండే పొద ముందు చెప్పులు విడువమని దేవుడు మోషేతో అన్నాడు. మీ వాగు నన్ను సబ్బు విడువమంటే తప్పేముంది?

నా భార్య రూతమ్మ మాత్రం వాడకట్టంతా చెప్పి నవ్విస్తోంది. "మొగడు బంగ్ల ఇస్తమంటె ఒద్దని పెంటల పంటడంట" అని. చెంచుల ఊరిని పెంట అంటారే అని నచ్చజెప్పాను. "ఏదైతేంది తియ్యి, యోబు గూడ బూడిద పెంట మీదనే కూసున్నడు గద" అంది. ముప్పై ఏండ్లు నా ప్రసంగాలు విన్నందుకు నేర్చుకున్నది ఇదీ.

నీ ఆఖరి మాట మాత్రం నాకు నచ్చలేదు. మైకు వస్తుందా అని చెక్‌పోస్టులో అడిగినట్టు అడిగావు. డెబ్బై తొమ్మిదిలో మీ కొండల మీదికి ఆ బ్యాటరీని భుజం మీద మోసుకొచ్చింది నువ్వు కాదా? ఆ మూడు రోజుల ప్రార్థన కూటాలు నేను చచ్చినా మరువను. లోయ అంచున బూర కట్టి నేను "హల్లెలూయ" అంటే అవతలి గట్టు "ఊయ... ఊ... ఊ..." అని తిరిగి పలికింది. మనుషుల గొంతులు అలసినా గట్టు గొంతు అలసిపోలేదు. మనుషులు ఊరకుంటే రాళ్లు కేకలేస్తాయని ప్రభువు చెప్పింది నేను చెవులారా విన్నానని ఎన్ని ఊళ్లలో సాక్ష్యమిచ్చానో. బూరల మోతకు యెరికో గోడలు కూలాయి. అట్లాంటి గొంతు మీద నీకు ఇప్పుడెందుకు ఈ ఏవగింపు? దాచకుండా రాయి.

యోహాను


మన్ననూర్,
9 జనవరి 1990

యోహానన్నకు,

దాచకుండా రాయమన్నావు. పదేండ్లు దాచాను, ఇప్పుడు రాస్తున్నాను. కూర్చొని చదువు.

చెంచులు గట్టు తేనె ఎట్లా కోస్తారో నువ్వు చూడలేదు. పైనుంచి తీగల తాడు దించుతారు. దాన్ని పట్టుకొని మనిషి దిగుతాడు. పైన తాడు పట్టేది అతని భార్య తోడబుట్టినవాడే కావాలి. ఎవరు వదిలినా వాడు వదలడని, తన అక్కచెల్లెలి మొఖం గుర్తుంటుందని వాళ్ల నమ్మకం. తేనెటీగల దగ్గర మాటలుండవు. కిందివాడు "ఊ" అంటే పైవాడు తాడు జారవిడవాలి. ఊ వినబడకపోతే బిగబట్టి కూర్చోవాలి.

నీ కూటాల రెండో రోజు పొద్దున దుర్గయ్య అవతలి గట్టు దిగాడు. పైన తాడు పట్టింది అతని భార్య గుర్వమ్మ తమ్ముడు గోపయ్య. దుర్గయ్య రాతి అంచున కాలు మోపి, తాడు మీద వెనక్కి ఒరిగి తేనెపట్టు కోస్తున్నాడు. ఇవతల నువ్వు హల్లెలూయ అన్నావు. గట్టు "ఊ" అంది. గోపయ్య తాడు జారవిడిచాడు. గట్టు మళ్లీ "ఊ" అంది. మళ్లీ విడిచాడు.

మూడు నిలువుల కింద రాళ్ల మీద పడ్డాడు దుర్గయ్య. ప్రాణం దక్కింది. తుంటి విరిగి కుడికాలు పొట్టిదైపోయింది.

డోలీలో వేసుకొని నీ పందిరి పక్కనుంచే రోడ్డుకు మోసుకుపోయాం. నువ్వు చూశావు. ఎవరో జబ్బు మనిషి అనుకొని మైకులోనే అతని కోసం ప్రార్థన చేశావు. అదీ గట్టుకు తగిలి తిరిగొచ్చింది.

మరునాడే నీతో చెప్తానన్నాను. దుర్గయ్యే ఆపాడు. "చెప్పకు మియా. చెప్తె ఆయన గొంతు ఇగ లేవది. అండ్ల ఆయన తప్పేముంది, గట్టుది తప్పు" అన్నాడు. గోపయ్య ఆ తర్వాత తాడు ముట్టలేదు. గుర్వమ్మ ఇప్పటికీ నా ఎడమ భుజం చూసి మొఖం తిప్పుకుంటుంది, బ్యాటరీ మోసింది ఆ భుజమే కాబట్టి.

అందుకే బంగళా తీసుకోమన్నాను.

చోటే మియా


హాలియా,
12 ఫిబ్రవరి 1990

తమ్ముడా,

నెల దాటింది, జవాబు రాయలేకపోయాను. కాగితం ముందు పెట్టుకుంటే ఆ డోలీ కనబడుతోంది. నాకు గుర్తుంది. గొంగడి కప్పి ఉంది. స్వస్థత కలుగును గాక అన్నాను. జనం ఆమెన్ అన్నారు.

నువ్వు దాచింది చెప్పావు. నేను దాచింది చెప్తాను. నాకు ప్రార్థన కోసం కొండ అక్కర్లేదు, తమ్ముడా. నా గొంతు పోతోంది. సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ గొంతులో అద్దం పెట్టి చూసింది. మాట పుట్టే చోట గడ్డ లేచిందంది. మూడు నెలలు ఒక్క మాట కూడా వద్దు, గుసగుస కూడా వద్దు, ఆ తర్వాత మళ్లీ చూస్తానంది. మాట్లాడుతూనే ఉంటే కోయాల్సి వస్తుంది, అప్పుడు మాటే ఉండదంది. నేను ఇంట్లోనే ఉండి నోరు మూసుకుంటానన్నాను. ఆమె నేను అన్న తీరుకే పసిగట్టింది. "మీరు ఇంట్ల ఉంటె మూసుకోరు పెద్దాయనా. అడిగెటోళ్లు లేని జాగకు పోండ్రి" అంది.

నిజమే. ఇక్కడ ప్రయత్నించాను. మూడో రోజే మా మందిరానికి వచ్చే అండాలు వాళ్ల ఇంట్లో చావు జరిగింది. ఒక్క పాట అన్నారు. పాడాను. తువ్వాలకు నెత్తురు అంటింది. ఆ తర్వాత అడిగినవాళ్లందరికీ పాడాను. గొంతు లేని బోధకుడు ఏం చేయాలో గ్రంథంలో వెతికాను, దొరకలేదు. అందుకే నీకు కూడా చెప్పలేదు.

నీ ఉత్తరం వచ్చిన మరునాడు మందిరం మీది బూర దింపించాను. రూతమ్మ దాన్ని పెరట్లో వెల్లకిల పెట్టి గడ్డి వేసింది. కోడి పొదుగుతోంది.

ఇప్పుడు దుర్గయ్య గుడిసె అడిగే మొఖం నాకు లేదు. అయినా నా మాట అంతా అతనికి చెప్పు, గొంతు సంగతితో సహా. వద్దంటే ఇక్కడే ఉంటాను. ఏమైతే అదవుతుంది. నాకు ఓపిక లేదు.

యోహాను


మన్ననూర్,
22 ఫిబ్రవరి 1990

యోహానన్నకు సలాం.

చెప్పాను. దుర్గయ్య వెదురు చీలుస్తూ విన్నాడు. చేతిలో పని ఆపలేదు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు, మూడు నెలలు నిజంగా మాట్లాడడా అని. లేదన్నాను. అప్పుడు నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "రమ్మను. నా కతలకు ఊ కొట్టెటోడు లేక సస్తున్న. మా ఇంట్లోళ్లు యాష్టకొచ్చిన్రు" అన్నాడు. ఊ కూడా అనకూడదట అని చెప్పాను. "మరి కట్టెతోని కొట్టమను" అన్నాడు.

గుర్వమ్మ నవ్వలేదు. "గుడిసె ఇస్త. జొన్న గట్క పోస్త. నా పొయ్యి కాడికి మాత్రం రావద్దు" అంది. ఇంతకన్నా నేను అడగలేదు.

ఇంకో సంగతి. ఆ మధ్య మా రేంజి ఆఫీసరు చెట్లకు కొట్టమని పేర్లు రాసిన రేకు బిళ్లలు ఇచ్చాడు. ఊళ్లో పేరు, పక్కన సంస్కృతం పేరు. నిన్న దుర్గయ్య గుడిసె వెనుక చెట్టుకు బిళ్ల కొడుతూ చదివితే, రేగు, పక్కన బదరి అని ఉంది. సారును అడిగాను. రెండూ ఒకటేనట. మా అమ్మ దాన్ని బేరీ అనేది. నీ ఏలీయా కూర్చున్నది రేగుచెట్టు కింద, అన్నా. దాని నీడన మేక కూడా పడుకోదు. బిళ్ల కొట్టేసరికి నా చేతులు రెండూ గీసుకుపోయాయి.

మార్చి నాలుగున బస్సు స్టేజీ దగ్గర ఉంటాను. సబ్బు వద్దు. చెప్పులు తెచ్చుకో, మోషే కథ ఇక్కడ పనికిరాదు, ముండ్లున్నాయి.

చోటే మియా


దుర్గయ్య పెంట,
12 ఏప్రిల్ 1990

తమ్ముడు చోటే మియాకు,

నీ తోటి వాచరు రేపు మన్ననూరు వస్తున్నాడంటే ఇది రాసి ఇస్తున్నాను. నలభై రోజులైంది. ఒక్క మాట మాట్లాడలేదు.

మొదటి వారమంతా నిద్రపోయాను. ఇంత అలసట నా ఎముకల్లో ఎక్కడ దాగుందో తెలియదు. గుడిసెలో పగలు కూడా చల్లగా ఉంటుంది. వాన పడితే గడ్డి వాసన వస్తుంది. వాగులో ఉత్త నీళ్లతో ఒళ్లు రుద్దుకుంటున్నాను. తెచ్చిన మందుల కాగితాలు, ఒక ప్లాస్టిక్ సంచీ, అన్నీ మూట కట్టి చూరులో దోపాను. నలభై రోజుల బతుక్కు నా చెత్త ఇంతేనా అనిపిస్తుంది. ఊళ్లో ఒక్క కూటం అయ్యాక మైదానం ఎట్లుండేదో నీకు తెలుసు.

రేగుచెట్టు కింద కూర్చుంటున్నాను. నువ్వన్నది నిజమే, నీడ జల్లెడలో పోసినట్టుంది. ఏండ్ల తరబడి ఆడవాళ్లను ఏ నీడ చూపించి ఏడిపించానో! ఇప్పుడు ఆ అధ్యాయం మళ్లీ చదివాను. ఆ చెట్టు కింద ఏలీయాకు దేవదూత వాక్యం చెప్పలేదు. లేచి తిను అంది. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినమంది. అంతే. ఇన్నిసార్లు చదివి నేను ఆ రొట్టె సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు, ఆ తర్వాత దేవుడు అతనితో మాట్లాడిన కొండ దగ్గరికి తొందరగా పోవాలని.

గుర్వమ్మ రోజూ గట్క తెచ్చి బండ మీద పెట్టి వెనక్కి చూడకుండా పోతుంది.

నా తెలివితక్కువ పని ఒకటి రాస్తాను. దేవదూతను నమ్మక మూగవాడైన జెకర్యా, కొడుక్కి పేరు పెట్టేటప్పుడు పలక అడిగి రాశాడు. నేను కూడా హాలియా నుంచి పలక, బలపం తెచ్చుకున్నాను. వచ్చిన రోజే రాసి దుర్గయ్య చేతికిచ్చాను. అతను అటు తిప్పి, ఇటు తిప్పి, గింజలు ఆరబోసుకోవడానికి బాగుందని గుర్వమ్మకు ఇచ్చాడు. ఈ పెంటలో చదువు వచ్చినవాడు ఒక్కడూ లేడు. జెకర్యా చుట్టాలకు చదువు వచ్చు, అదీ తేడా. నా క్షమాపణ మీద ఇప్పగింజలు ఎండాయి.

దుర్గయ్య మధ్యాహ్నాలు బుట్ట అల్లుతూ కతలు చెప్తాడు. నేను కట్టెతో బండ మీద కొడతాను. ఆలస్యమైతే ఆగి నా మొఖం చూస్తాడు. ముప్పై ఏండ్లు మాట్లాడాను గానీ ఎదుటివాడికి ఊ కొట్టింది లేదు. ఎప్పుడు కొట్టాలో నేర్చుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. తన కాలి సంగతి మాత్రం ఏ కతలోనూ రానివ్వడు.

నువ్వొక్కసారి రా. పలక మీద మళ్లీ రాస్తాను. నువ్వు అతనికి చదివి వినిపించు.

యోహాను


మన్ననూర్,
22 ఏప్రిల్ 1990

యోహానన్నకు,

రాను. అగ్గి కాలం, గుట్టల మీద కాపలా ఉంది. అది సాకు అని నీకు తెలుసు.

పోయినసారి నీ బ్యాటరీ నేను మోశాను. ఈసారి నీ మాట నేను మోయను. తుంటి విరిగినవాడికి వేరేవాడి నోటితో తప్పు ఒప్పుకుంటే అదీ మైకులో మాట్లాడినట్టే ఉంటుంది. జూన్ వరకు ఆగు. గొంతు వస్తే చెప్పు. రాకపోతే అప్పుడు చూద్దాం.

గోపయ్య వస్తున్నాడని విన్నాను. ఈసారి మృగశిరకు ముందు దుర్గయ్య కొడుకు గట్టు దిగుతాడట. వాడు చేసుకుంది గోపయ్య కూతురిని, కానీ ఆ పిల్లకు అన్నదమ్ములు లేరు. తండ్రే తాడు పట్టాలి. పదేండ్లు ముట్టని చేతులు. పడతాయో లేదో నాకు భయంగా ఉంది.

చోటే మియా


దుర్గయ్య పెంట,
9 జూన్ 1990

తమ్ముడు చోటే మియాకు,

మూడు నెలలు నాలుగో తారీఖుకు నిండాయి. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఏమీ రాదేమోనని. ఐదో తారీఖు కూడా తెరవలేదు. దుర్గయ్యకు రోజుల లెక్క తెలుసు. కట్టె నా చేతిలోంచి తీసి పొయ్యిలో పెట్టాడు.

ఆరో తారీఖు పొద్దున అందరం గట్టు మీదికి పోయాం. గోపయ్య తాడు ముందు కూర్చొని చేతులకు దుమ్ము రాసుకుంటూనే ఉన్నాడు. ఆ గట్టుకు నడుమ ఒక మలుపు ఉంది. కింది గొంతు పైకి నేరుగా వినబడదు, అందుకే ఆ మలుపులో ఒక మనిషి కూర్చొని కింది ఊ ను పైకి అందిస్తాడు. అప్పట్లో అక్కడ మనిషి లేడట, గోపయ్య చెవుల మీదే నమ్మకం పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడూ దుర్గయ్యే అక్కడ కూర్చుంటున్నాడు. మొన్న నా చెయ్యి పట్టుకొని కుంటుతూ ఆ బండ దాకా తీసుకుపోయాడు. "నువ్వు కూసో" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. గొంతు చూపించాను. "కిందోడు అన్నప్పుడే అను. అననప్పుడు అనకు. గంతే" అన్నాడు. అని వెళ్లి గోపయ్య పక్కన కూర్చున్నాడు.

వాళ్ల పక్కనే గుర్వమ్మ నిలబడి ఉంది. తమ్ముడి చేతులు చూస్తోంది, నన్ను చూస్తోంది.

కొడుకు దిగాడు. పొగ లేచింది. ఈగల మోత. యోర్దాను ఒడ్డున మూడు వేల మంది ముందు నిలబడ్డానని కలగన్న రోజులున్నాయి, ఆ కలలో కూడా ఇంత భయపడలేదు. కింద నుంచి "ఊ" వచ్చింది. సన్నగా, పిట్ట అన్నట్టు.

నోరు తెరిచాను. నా గొంతు కాదు అది. ఎండుటాకు మీద కాలు పడ్డట్టుంది. అయినా "ఊ" అని బయటికి వచ్చింది. పైన తాడు కదిలింది. ఎంత అడిగితే అంతే కదిలింది.

కింది వాడు అన్నప్పుడల్లా అన్నాను. అననప్పుడు పండ్లు బిగబట్టుకొని కూర్చున్నాను. తమ్ముడా, ఆ అననప్పుడే కష్టం. కొడుకు తేనెబుట్టతో పైకి వచ్చాక గోపయ్య చేతులు తాడు నుంచి విడిపించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

ఇంటికి వచ్చాక గుర్వమ్మ గట్క బండ మీద పెట్టలేదు. "పొయ్యి కాడికి రా. తేనె గట్టి పడకముందె తినాలె" అంది. వెళ్లి కూర్చున్నాను.

వచ్చే వారం మహబూబ్‌నగర్ పోయి డాక్టరమ్మకు గొంతు చూపిస్తాను. ఆమె ఏమన్నా ఈ గొంతు ఇక పందిరి దాకా పోదు. నాకు తెలిసిపోయింది. పది బారల దూరం పోతుంది. నా చెత్త మూట వెంట తెస్తాను. రూతమ్మకు ఒక కార్డు రాయి, కోడి మళ్లీ పొదగడానికి కూర్చుంటే బూరలోంచి లేపొద్దని.

తినడం అయ్యాక దుర్గయ్య కత మొదలుపెట్టబోయాడు. నేను చెయ్యి ఎత్తాను. ఆగాడు. ఆ పలక మీద రాసిందంతా నోటికి ఉంది నాకు, వాక్యాలతో సహా, ఒక ప్రసంగమంత. అందులో ఒక్కటీ రాలేదు. "ఆ పొద్దు గట్టు తప్పు గాదు. నాది" అన్నాను. గొంతు మధ్యలో రెండుసార్లు తెగింది. అతను వెదురు పక్కన పెట్టి, చివరిదాకా ఆగి, నా మొఖంలోకి చూశాడు.

"ఊ" అన్నాడు.

యోహాను